‘ఇనుప వేతన సూత్రం’ అనే పదబంధం గురించి

ప్రశ్న: జర్మన్ సోషల్ డెమొక్రటిక్ పార్టీ తొలినాళ్ల గురించి చదువుతుంటే ఒకే పదబంధం ఒకచోట ‘ఇనుప వేతన చట్టం’గా, మరోచోట ‘ఉక్కు వేతన సూత్రం’గా కనిపించింది. ఏది సరైనదో, ఆ మాటకు పార్టీ పుట్టుకతో సంబంధమేమిటో పెద్దలు వివరించగలరు.

సమాధానం: జర్మన్ సోషలిస్టు నాయకుడు ఫెర్డినాండ్ లస్సాల్ 1863 మార్చిలో లైప్‌జిగ్ కార్మికులకు రాసిన బహిరంగ జవాబులో ఈ మాట వాడారు. కూలి కాస్త పెరిగితే పెళ్లిళ్లూ పిల్లలూ పెరిగి, పనికి పోటీ హెచ్చి, అది మళ్లీ పొట్టకు చాలీచాలని మట్టానికే దిగుతుందని ఆయన వాదన. ఇందులో కొత్త సరుకు తక్కువ. ఆర్థికవేత్తలు మాల్థస్, రికార్డోలు చెప్పినదే చాలావరకు. అయితే పొదుపు సంఘాలతో ఈ ఉచ్చు తెగదు గనుక కార్మికులు ముందు అందరికీ ఓటుహక్కు సాధించి, ఆపైన ప్రభుత్వ రుణంతో సొంత ఉత్పత్తి సంఘాలు పెట్టుకోవాలని ఆయన తేల్చిన తీరే కొత్తది. ఆ మే 23న లైప్‌జిగ్‌లోనే అఖిల జర్మన్ కార్మిక సంఘం ఏర్పడింది. మరుసటి ఏడాదే ఆయన ద్వంద్వయుద్ధంలో మరణించినా మాట మాత్రం మిగిలింది.

మూలంలోని విశేషణం ‘ఏహెర్న్’. మామూలు ఇనుముకు జర్మన్‌లో వేరే మాట ఉంది. ఇది కంచును, ముడిలోహాన్ని స్ఫురింపజేసే కావ్యభాషా పదం. తెలుగులో కంచు అనగానే కంఠం గుర్తొస్తుంది తప్ప కాఠిన్యం కాదు. ‘ఉక్కు’ అంటే ఉక్కు సంకల్పంలా మెచ్చుకోలు ధ్వనిస్తుంది. దరిద్రదేవతను ఇనుపగజ్జెల తల్లి అన్న భాష మనది కనుక, నా మటుకు ‘ఇనుప’ అన్నదే ఇక్కడ అర్థానికీ ధ్వనికీ అతుకుతుంది.

చట్టమా, సూత్రమా అన్నది ఇంతకన్నా పెద్ద చిక్కు, ఎందుకంటే జర్మన్‌లో రెంటికీ ఒకటే మాట. కొయ్య తరిణె పట్టే పనివాడైన ఆగస్ట్ బేబెల్, విల్హెల్మ్ లీబ్‌క్నెక్ట్ 1869లో ఐసెనాఖ్‌లో స్థాపించిన పార్టీ, 1875లో గోథాలో లస్సాల్ అనుచరుల సంఘంతో కలిసి ఒకే పార్టీ అయినప్పుడు, ఈ సూత్రాన్ని బద్దలుకొట్టడం లక్ష్యమని కార్యక్రమంలో రాసుకున్నారు. ముసాయిదా చూసిన మార్క్స్ మండిపడ్డారు. లస్సాల్‌ది ఇందులో ‘ఏహెర్న్’ ఒక్కటేననీ, అదీ గేటే కవితలోని ‘శాశ్వతమైన, ఇనుపవంటి మహా నియమాలు’ అన్న చోటినుంచి ఎరువు తెచ్చుకున్నదేననీ ఎత్తిపొడిచారు. కూలి వ్యవస్థనే రద్దు చేస్తే దాని నియమాలు ఇనుపవైనా స్పంజివైనా వాటంతటవే పోతాయని ఆయన వాదం. తెలుగులో ‘చట్టం’ అంటే ప్రభుత్వం చేసేది, ప్రభుత్వమే రద్దు చేయగలది. అలా రాస్తే ఈ తగవంతా అర్థం కాకుండా పోతుంది. ‘సూత్రం’ అనడమే మేలు.

నిజమైన చట్టం, అంటే సోషలిస్టులను అణచే చట్టం, 1878లో జర్మన్ ఛాన్సలర్ బిస్మార్క్ తెచ్చారు. సంఘాలనూ సభలనూ పత్రికలనూ నిషేధించినా, అభ్యర్థులు విడివిడిగా జర్మన్ పార్లమెంటైన రైష్‌టాగ్‌కు పోటీ చేయడాన్ని అది ఆపలేదు. జ్యూరిక్‌లో అచ్చైన పార్టీ పత్రిక దొంగచాటుగా సరిహద్దు దాటి చేరేది. 1890 ఎన్నికల్లో 14 లక్షలకు పైగా ఓట్లతో పార్టీ అందరికన్నా ముందు నిలిచింది, సీట్లు మాత్రం 35 వచ్చాయి. ఆ ఏడాదే నిషేధం తొలగి, నేటి పేరు స్థిరపడింది. 1891లో ఎంగెల్స్ మార్క్స్ విమర్శను అచ్చు వేయించారు. అదే ఏట ఎర్ఫుర్ట్‌లో ఆమోదించిన కార్యక్రమంలో ఎనిమిది గంటల పనిదినం ఉంది, ఇనుప సూత్రం లేదు.