మాటలు రాని పిల్లోడికి యాంటీబాడీ పరీక్ష: చేయించాలా, వద్దా?

పలమనేరోడు: మావోడికి అయిదేండ్లు. ఆటిజం అన్నారు, మాటల్లేవు. తిరపతిలో డాక్టరు ఫోలేట్ రిసెప్టర్ యాంటీబాడీ పరీక్ష రాసిచ్చినాడు. చేయించినోళ్ళు ఉంటే చెప్పండి.

అలిపిరి_అక్క: ఆలోచించొద్దు తమ్ముడా, చేయించు. మా చెల్లెలు డిగ్రీ రెండో ఏడులో నిద్ర మానేసింది. గోడతో మాట్లాడేది, వట్టి నోరే నమలతా ఉండేది. గాలి సోకిందని తాయెత్తు కట్టినారు. తర్వాత ఇరవై రోజులు పిచ్చి మాత్రలు. చివరికి రాయవేలూరులో వెన్నునీరు తీసి చూస్తే, మెదడు కణాల మీదుండే ఎన్ఎండీఏ రిసెప్టర్ మీద యాంటీబాడీలు, మన ఒంటి రక్షణ ప్రోటీన్లే తిరగబడినాయి! అండాశయంలో గడ్డ తీసేసి, స్టెరాయిడ్లు, ఇమ్యునోగ్లోబులిన్ ఎక్కించినారు. ఈ పొద్దు బ్యాంకులో ఉద్యోగం చేస్తాంది. 2007లో డాల్మౌ అనే డాక్టరు ఆ జబ్బు కనిపెట్టకపోయింటే పిచ్చిదనే అనుకుంటా ఉంటిమి.

ల్యాబ్‌రాజు: అక్కా, మీ చెల్లెలిది మెదడువాపు. వారాల్లోనే ముదిరింది, ఫిట్స్ కూడా వచ్చింటాయి. ఆటిజం అట్లా కాదు, చిన్నప్పటినుంచీ ఉండేది. మీరు రెండూ ఒకే గాటన కడితే ఎట్లా?

అలిపిరి_అక్క: ఫిట్స్ రాలేదు. చూసినట్టు చెప్పొద్దు.

ల్యాబ్‌రాజు: వచ్చింటాయి అన్నా, వచ్చినాయని అనలేదు.

పీలేరు_మామ: ఫోలేట్ అంటే ఫోలిక్ యాసిడ్ బిళ్ళలే గదా, దానికి ఇంత రామాయణమా? మా ఊరి పీహెచ్‌సీలో ఊరికే ఇస్తారు.

ల్యాబ్‌రాజు: ఫోలిక్ కాదు మామా, ఫోలినిక్. ల్యూకోవోరిన్ అంటారు. ఫోలేట్ అనే బి విటమిన్ మెదడులోకి పొయ్యే తలుపుకు ఆ యాంటీబాడీ అడ్డం పడతాది. ఫోలినిక్ ఇంకో దోవన పోతాది. 2013లో ఫ్రై అనే అమెరికా డాక్టరు వాళ్ళు 93 మంది ఆటిజం పిల్లల్ని చూస్తే నూటికి 75 మందికి ఆ యాంటీబాడీలు ఉండినాయి. తర్వాత 48 మందిలో సుమారు సగం మందికి పన్నెండు వారాలు ఆ మందు, మిగతావాళ్ళకు ఉత్త బిళ్ళలు ఇస్తే, మందు తీసుకున్నోళ్ళ మాటలో కొంత మెరుగు కనిపించింది. అయితే ఆటిజం లేని తోబుట్టువుల రక్తంలో కూడా ఇవి ఉంటాయి. పాజిటివ్ అంటే జబ్బు అని కాదు.

పలమనేరోడు: డాక్టరు వాళ్ళమ్మ రక్తం గూడా అడిగినాడు సార్.

ల్యాబ్‌రాజు: అది వేరే సంగతి. కడుపులో బిడ్డ మెదడు ప్రోటీన్ల మీద పడే తల్లి యాంటీబాడీలు. కాలిఫోర్నియాలో వాన్ డి వాటర్ బృందం ఆటిజం పిల్లల తల్లుల్లో నూటికి 23 మందికి ఉన్నట్టు చూసింది, మిగతా తల్లుల్లో నూటికి ఒక్కరికి.

కోనేటి_కోడలు: అదీ, తిరిగి తిరిగి తల్లి మీదికే వచ్చినారా! మా అత్త ఆరేండ్లుగా "నీ రక్తం మంచిది కాదు" అంటా ఉండాది. మీరొక కాగితం రాసిస్తే పటం కట్టించి గంగమ్మ పక్కన తగిలిస్తాది.

ల్యాబ్‌రాజు: మీ అత్త కోసం పరిశోధన ఆపుతారా?

కోనేటి_కోడలు: రక్తం ఇచ్చేది మీరా? మాట పడేది మీరా?

పలమనేరోడు: గొడవ పడొద్దండి. మా ఇంట్లోనూ అదే. మా ఇంటామె పిల్లోడి రక్తం ఇస్తా, నాది ఇయ్యనంటాంది. మా అమ్మ వింటా ఉండాది. అందుకే ఇక్కడ అడిగినా.

అలిపిరి_అక్క: మొదట్లోనే చెప్పుండచ్చు గదా నాయనా.

కోనేటి_కోడలు: రాజు గారూ, ఒకే మాట చెప్పండి. ఆమె రక్తంలో ఏముందో తెలిస్తే పిల్లోడికి మందు మారతాదా?

ల్యాబ్‌రాజు: మారదు.

కోనేటి_కోడలు: ఇంకేముంది. ఆమెను వదిలెయ్ అన్నా.

ల్యాబ్‌రాజు: సరే. కానీ ఆ మెదడువాపులో ఫిట్స్ చాలామందికి...

అలిపిరి_అక్క: రాలేదు.