డార్ట్‌మూర్ నడకకి ఫోన్ మ్యాపు చాలదా? పిక్సీల సంగతేంటి?

ప్రశ్న (శ్రీకాకుళం): అక్టోబరు ఆఖర్లో ఇంగ్లండ్‌లోని డార్ట్‌మూర్ అనే బురదనేలల బీడు కొండల్లో రోజుకి 12 కి.మీ. నడవాలని ప్లాను. సాలిహుండం కొండెక్కిన అలవాటే ఉంది. ఫోన్ సరిపోతుందా? పిక్సీలు (అక్కడి జానపద కథల్లోని చిట్టి మాయజీవులు) దారి తప్పిస్తాయంటారు, నిజమా?

జవాబు (విజయనగరం): ఫోన్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దండి. చలికి బ్యాటరీ గబగబా దిగిపోతుంది. ఆర్డ్‌నెన్స్ సర్వే (బ్రిటన్ ప్రభుత్వ మ్యాపుల సంస్థ) వారి ఎక్స్‌ప్లోరర్ ఓఎల్28 మ్యాపు, దిక్సూచి కొనండి. స్కేలు 1:25,000, అంటే 4 సెం.మీ.కి కిలోమీటరు. నడక సమయం లెక్క ఇలా: గంటకి 5 కి.మీ., ప్రతి 600 మీటర్ల ఎక్కుడికి ఇంకో గంట. 12 కి.మీ., 300 మీటర్ల ఎక్కుడంటే దాదాపు 3 గంటలు. బురదలో ఇంకా ఎక్కువే. ఆఖరి ఆదివారం గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు, ఆ తర్వాత సాయంత్రం అయిదుకే చీకటి.

జవాబు (పలాస): అసలు ప్రమాదం బురద. నారుమడిలా పచ్చగా మెరిసే చోట అడుగు పెట్టకండి. అది నీటి మీద తేలే నాచు. గోధుమరంగు గడ్డి దుబ్బుల మీదుగా వెళ్లండి. ఉత్తరం వైపు సైన్యం కాల్పుల మైదానాలున్నాయి, ఎర్రజెండా ఎగిరితే లోపలికి పోకూడదు. కాల్పుల వేళలు ముందే చూసుకోండి.

జవాబు (బొబ్బిలి): పిక్సీలంటే మన కొరివిదెయ్యాల్లాంటివే అనుకోండి. దారి తప్పితే కోటు తిరగేసి తొడుక్కోమంటారు అక్కడివాళ్లు! పొగమంచులో గుర్తులు కనపడక మనిషి తెలీకుండానే గుండ్రంగా తిరుగుతాడు, కథ పుట్టింది అందుకేనేమో. కోటు తిప్పడానికైనా ఆగుతాం కదా, ఆ ఆగడం మంచిదే. ఆగి దిక్సూచి చూడండి. సాయం కావాలంటే నిమిషంలో 6 సార్లు ఈల, నిమిషం విరామం, మళ్లీ 6. సిగ్నల్ ఉంటే అక్కడి అత్యవసర నంబరు 999కి కొట్టి ముందు పోలీసుని, తర్వాత మౌంటెన్ రెస్క్యూని (కొండల్లో చిక్కుకున్నవాళ్లని కాపాడే దళాన్ని) అడగాలి.