ప్రతి తరమూ రాజ్యాంగాన్ని కొత్తగా రాసుకోవాలా, సవరణలు చాలా?

గోదావరి_గట్టు:
1789 సెప్టెంబర్ 6న అమెరికా నేత జెఫర్సన్ పారిస్ నుంచి, అమెరికా రాజ్యాంగ నిర్మాతల్లో ఒకడైన మాడిసన్‌కు రాసిన ఉత్తరంతో మొదలుపెడదాం. భూమి బతికున్నవాళ్లది, పోయినవాళ్లకు దానిమీద అధికారం లేదన్నది ఆయన వాదన. ఆనాటి మరణాల పట్టికలు చూసి, ఇవాళున్న వయోజనుల్లో సగానికి పైగా 18 ఏళ్ల 8 నెలల్లో కన్నుమూస్తారని లెక్కగట్టాడు. దాన్ని 19 ఏళ్లు చేసి, రాజ్యాంగమైనా చట్టమైనా అంతకు మించి నిలవకూడదన్నాడు. 1949 నవంబర్ 25న అంబేడ్కర్ రాజ్యాంగ సభలో ఈ మాటనే ప్రస్తావించి, అది పూర్తిగా నిజమని ఒప్పుకున్నారు. అందుకే సవరణ దారిని తేలిగ్గా ఉంచామని చెప్పారు.

ఆ దారి సరిపోలేదని నేనంటాను. రాజ్యాంగ సభను ఎన్నుకున్నది ప్రాంతీయ శాసనసభ్యులు. వాళ్లను 1946లో ఎన్నుకున్నది ఆస్తి, చదువు, పన్ను అర్హతలున్న కొద్దిమంది ఓటర్లు. ఇక హైదరాబాద్ సంస్థానం నుంచి 1949 నవంబర్ 26 నాటికి ఆ సభలో ఒక్క ప్రతినిధి కూడా లేరు. నిజాం ఫర్మానాతో రాజ్యాంగం అక్కడికి వచ్చింది. తెలంగాణలో ఏ తరానికీ దాని మీద నేరుగా మాట చెప్పే అవకాశం రాలేదు. 19 కాకపోతే 30 ఏళ్లకోసారైనా కొత్తగా సభ కూర్చోవాలి.

నల్లమల_నీడ:
గట్టు గారూ, ఆ ఉత్తరానికి 1790 ఫిబ్రవరి 4న మాడిసన్ ఇచ్చిన జవాబును కూడా పక్కన పెట్టుకుని చదవాలండి. పాత తరం చేసిన పనుల్లో అప్పులే కాదు, తర్వాతివాళ్లు అనుభవించే మేలు కూడా ఉంటుంది. గడువు దగ్గరపడే కొద్దీ ఆస్తి హక్కులు, ఒప్పందాలు ఏమవుతాయో తెలియని స్థితి వస్తుంది. పాతది పోయి కొత్తది రాని ఖాళీలో బలమున్న వర్గానిదే పైచేయి అవుతుంది.

ఇది జరిగి చూపించిన దేశం చిలీ. 2019 అక్టోబర్‌లో మెట్రో చార్జీ 30 పెసోలు పెంచడంతో మొదలైన ఆందోళన నవంబర్ 15 కల్లా రాజ్యాంగం మార్చే ఒప్పందం దాకా వెళ్లింది. 2020 అక్టోబర్ 25న 78 శాతం మంది కొత్తది కావాలన్నారు. 155 మంది సభ, అందులో 17 సీట్లు ఆదివాసీలకు, మహిళలకు పురుషులతో సమాన సంఖ్య, ప్రతి అధికరణకూ మూడింట రెండు వంతుల మద్దతు. కాగితం మీద చక్కగా ఉంది. ఏడాదిలో 388 అధికరణలు రాశారు. 2022 సెప్టెంబర్ 4న దాదాపు 62 శాతం మంది తిరస్కరించారు. రెండోసారి 24 మంది నిపుణులతో ముసాయిదా రాయించి, ఎన్నికైన మండలి చేతికిచ్చారు. 2023 డిసెంబర్ 17న దాన్నీ దాదాపు 56 శాతం మంది వద్దన్నారు. నాలుగేళ్ల తర్వాత మిగిలింది సైనిక నియంత పినోచెట్ కాలపు 1980 రాజ్యాంగమే.

ఓరుగల్లు_పాఠకుడు:
చిలీలో విఫలమైంది కొత్తగా రాయాలన్న ఆలోచన కాదండి, అమరిక. 2021లో సభ ఎన్నికకు ఓటు స్వచ్ఛందం, దాదాపు 43 శాతం మందే వచ్చారు. చివరి రెఫరెండానికి ఓటు తప్పనిసరి చేయడంతో 85 శాతానికి పైగా వచ్చారు. రాసినవాళ్లను ఎంచుకున్న ఓటర్లు వేరు, తీర్పిచ్చిన ఓటర్లు వేరు. దానికి తోడు 155లో అడ్డుకోవడానికి 52 సీట్లు కావాలి, కుడిపక్షానికి దక్కినవి 37. తమ మాట ఎవరూ వినక్కర్లేదని తెలిశాక వాళ్లు రాతపని వదిలి ప్రచారంలో పడ్డారు. రెండోసారి సరిగ్గా తిరగబడింది: మండలిలో ఐదింట మూడు వంతులు సరిపోతాయి, కుడిపక్షాలకు అంతకు మించి వచ్చాయి, ఎడమపక్షం బయటే ఉండిపోయింది.

దక్షిణాఫ్రికా ఈ గుంతను ముందే పూడ్చింది. 1993 తాత్కాలిక రాజ్యాంగంలో 34 సూత్రాలు రాసిపెట్టుకున్నారు, తుది పాఠం వాటిని దాటకూడదు. 1994లో ఎన్నికైన 400 మంది జాతీయ సభ, 90 మంది సెనేట్ కలిసి రెండేళ్లలో మూడింట రెండు వంతులతో ఆమోదించాలి. ప్రతిష్టంభన వస్తే ఏం చేయాలో, ఏ దశలో రెఫరెండానికి వెళ్లాలో కూడా ముందే రాసి ఉంది. 1996 మేలో ఆమోదించిన పాఠాన్ని సెప్టెంబర్ 6న రాజ్యాంగ న్యాయస్థానం తిప్పి పంపింది. రాష్ట్రాల అధికారాలు తాత్కాలిక రాజ్యాంగంలో కంటే తగ్గిపోయాయన్నది ఒక కారణం. సరిదిద్దిన పాఠానికి డిసెంబర్‌లో ధ్రువీకరణ వచ్చి, 1997 ఫిబ్రవరి 4న అమల్లోకి వచ్చింది. కొత్తది వచ్చేదాకా పాతది నడుస్తూనే ఉంది కాబట్టి మాడిసన్ భయపడ్డ ఖాళీ రాలేదు.

నల్లమల_నీడ:
ఒప్పుకుంటాను. కానీ దక్షిణాఫ్రికా ఆ పని చేసింది వర్ణవివక్ష పాలన కూలినప్పుడు, క్యాలెండర్ చూసి కాదు. ఇరుపక్షాలకూ ఒప్పందం తప్ప గత్యంతరం లేదు. 30 ఏళ్లు నిండాయని కూర్చోబెట్టిన సభలో ఆ ఒత్తిడి ఎక్కడి నుంచి వస్తుంది? న్యూయార్క్ రాష్ట్రాన్నే చూడండి. అక్కడ 20 ఏళ్లకోసారి రాజ్యాంగ సదస్సు పెట్టాలా వద్దా అని బ్యాలెట్‌లో అడగాలని వాళ్ల రాజ్యాంగమే చెబుతుంది. పెడితే ఒక్కో సెనేట్ నియోజకవర్గం నుంచి ముగ్గురు, రాష్ట్రమంతటికీ కలిపి 15 మంది, మొత్తం 204. 1957, 1977, 1997, 2017 నాలుగుసార్లూ వద్దన్నారు, చివరిసారి 80 శాతానికి పైగా. పెన్షన్లకు ఉన్న రాజ్యాంగ రక్షణ పోతుందేమోనని ఉద్యోగ సంఘాలు గట్టిగా వ్యతిరేకించాయి. తలుపు తెరిస్తే ఏది పోతుందో తెలియనప్పుడు ఉన్నది కాపాడుకోవాలనే చూస్తారు.

ముసాయిదా_మల్లె:
ఇక్కడ మన సంగతి రావాలి. న్యూయార్క్‌లో పెన్షన్ ఎలాంటిదో మనకు ఉద్యోగాల్లో, చదువుల్లో స్థానికులకు రక్షణ ఇచ్చే 371డి అధికరణ అలాంటిది. 1972లో ముల్కీ నిబంధనలపై (స్థానికులకే ఉద్యోగాలన్న పాత హైదరాబాద్ నిబంధనలు) సుప్రీంకోర్టు తీర్పు, దాని వెంట జై ఆంధ్ర ఉద్యమం, 1973లో ఆరు సూత్రాల పథకం, ఆ పైన 371డిని తెచ్చిన 32వ సవరణ. 1975 రాష్ట్రపతి ఉత్తర్వుతో ఆరు జోన్లు, స్థానిక కేడర్లు వచ్చాయి. 2018 ఉత్తర్వుతో తెలంగాణలో ఏడు జోన్లు, రెండు మల్టీజోన్లు, స్థానికులకు 95 శాతం. ఒక ప్రాంతం గొడవను ఆ ప్రాంతం కొలతలతో పరిష్కరించిన అధికరణ ఇది. మొత్తం తిరగరాసే సభలో ఇది, నాగాలాండ్ 371ఎ, ఈశాన్య గిరిజన ప్రాంతాల ఆరో షెడ్యూల్ అన్నీ ఒకే బల్ల మీదికి వస్తాయి. కొన్ని సీట్లున్న ప్రాంతం అక్కడ దేన్ని ఇచ్చి దేన్ని నిలబెట్టుకుంటుంది?

పైగా మన దగ్గర చట్టబద్ధమైన దారి కూడా లేదు. రాజ్యాంగ సవరణ పద్ధతి చెప్పే 368వ అధికరణ కింద పార్లమెంటు ప్రతి సభలోనూ మొత్తం సభ్యుల్లో సగానికి పైగా, హాజరై ఓటేసినవారిలో మూడింట రెండు వంతులు కావాలి. కొన్నింటికి సగం రాష్ట్రాల ఆమోదం కూడా. ఇది సవరించే అధికారమే. 1973 ఏప్రిల్ 24న కేశవానంద భారతి కేసులో 13 మంది న్యాయమూర్తుల ధర్మాసనం 7–6తో చెప్పింది అదే: మౌలిక స్వరూపాన్ని మార్చలేరు. కొత్త రాజ్యాంగం రాయాలంటే ఈ రాజ్యాంగం బయటికి వెళ్లాలి.

గోదావరి_గట్టు:
మల్లె గారూ, 371డి విషయంలో మీరన్నది బలమైన మాట. చిన్న ప్రాంతాల రక్షణలను ముందే సూత్రాలుగా రాసి, సభ చేతికి అందకుండా ఉంచాలి. ఓరుగల్లు గారు చెప్పిన 34 సూత్రాల పద్ధతి అందుకే పనికొస్తుంది. కానీ కొత్తగా రాయడం కంటే సవరణలతో ఆలోచించి మారడం మేలనుకుంటే, ఆ మార్పు మన దగ్గర నిజంగా నెమ్మదిగా ఉందా? ఆర్థికంగా వెనుకబడినవారికి 10 శాతం రిజర్వేషన్ల 103వ సవరణ బిల్లు 2019 జనవరి 8న లోక్‌సభలో పెట్టారు, అదే రోజు ఆమోదించారు, మర్నాడు రాజ్యసభ. అది మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. ఒక్కరోజులో జరిగినదాన్ని తరాల మధ్య ఆలోచన అనలేను. కొత్త రాష్ట్రాల ఏర్పాటుకు వీలిచ్చే 3వ అధికరణ ఇంకా తేలిక: 2014 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ శాసనసభ విభజన బిల్లును తిరస్కరించింది, ఫిబ్రవరిలో పార్లమెంటు సాధారణ మెజారిటీతో ఆమోదించింది. తెలంగాణ రావడం న్యాయమని నమ్మేవాణ్ని నేను. అయినా రాష్ట్రం అభిప్రాయం చెబుతుందే తప్ప దానికి బరువు లేని పద్ధతి రేపు ఎవరి మీదైనా వాడొచ్చు.

నల్లమల_నీడ:
ఈ జబ్బుకు మందు కొత్త రాజ్యాంగంలో లేదండి, పదో షెడ్యూల్‌లో ఉంది. 1985లో 52వ సవరణతో ఫిరాయింపుల నిషేధం వచ్చాక, పార్టీ విప్‌కు (ఎలా ఓటేయాలన్న పార్టీ ఆదేశానికి) వ్యతిరేకంగా ఓటేస్తే సభ్యత్వం పోతుంది. రాజ్యాంగ సవరణకూ అదే వర్తిస్తుంది. మూడింట రెండు వంతులు అంటే వందలమంది విడివిడిగా ఒప్పుకున్నారని కాదు, కొద్దిమంది పార్టీ నాయకులు ఒప్పుకున్నారని. 1990లోనే దినేశ్ గోస్వామి కమిటీ, అనర్హతను ప్రభుత్వం నిలబడుతుందా పడిపోతుందా అన్న ఓట్లకే పరిమితం చేయమంది. ఆ షెడ్యూల్ రెండో పేరాలో విప్ మీరినవారిపై వేటు వేసే 1(బి) ఉపపేరాను 368 బిల్లులకు వర్తించకుండా సవరిస్తే చాలు.

ఓరుగల్లు_పాఠకుడు:
దాంతో పాటు ఏ సవరణకు రాష్ట్రాల ఆమోదం కావాలో ముందే తేల్చాలి. ఆ మెట్టు దాటేసి పోయి కోర్టులో పడ్డవి ఉన్నాయి. పదో షెడ్యూల్ ఏడో పేరా న్యాయసమీక్షను అడ్డుకుంది, రాష్ట్రాల ఆమోదం లేదని 1992లో కొట్టేశారు. 97వ సవరణ రాష్ట్రాల సహకార సంఘాలకు నియమాలు పెట్టింది, అదే లోపంతో 2021లో ఆ మేరకు చెల్లకుండా పోయింది. మీరు చెప్పిన విప్ సవరణకు నా లెక్కన రాష్ట్రాల ఆమోదం అక్కర్లేదు, ఎందుకంటే అది కోర్టుల అధికారాన్ని తాకదు. దానికి నేనొకటి కలుపుతాను: సవరణ బిల్లు పెట్టిన రోజుకూ ఓటింగ్‌కూ మధ్య కనీసం 60 రోజులు, ఆ గడువులో అన్ని రాష్ట్రాల శాసనసభల్లో చర్చ.

గోదావరి_గట్టు:
60 రోజులు ఒప్పుకుంటాను. 3వ అధికరణ బిల్లులనూ అందులో చేర్చండి. ఆ రాష్ట్ర శాసనసభ కాదంటే పార్లమెంటులో సాధారణ మెజారిటీ కాకుండా 368 మెజారిటీ కావాలని రాయండి. ఈ రెండూ వస్తే 30 ఏళ్ల సభ అన్న నా పట్టు సడలిస్తాను. రాకపోతే పట్టు వదలను.