ఇళ్లు ఊరి అంచున కట్టాలా, ఊరి నడుమ ఎత్తు పెంచాలా?

ప్రశ్న:
ఊరి బయట తడినేలను, పక్కనున్న తోపును లేఅవుట్ చేస్తారట. వద్దంటూ సంతకాల కాగితం నా దాకా వచ్చింది. వద్దు సరే, మరెక్కడ కట్టాలో అందులో ఒక్క ముక్క లేదు. అద్దె ఇల్లు దొరకడమేమో గగనమైపోయింది. పైగా ఊరి నడుమ ఐదంతస్తులు లేపుతామన్నప్పుడు అడ్డుపడిందీ వీళ్లే, అప్పుడూ పర్యావరణం పేరే! దీనికి దారేమిటండీ?

జవాబు 1:
స్ట్రక్చరల్ డిజైన్ నా పని. తడినేల జోలికి పోవద్దు, అందులో రెండో మాట లేదు. వాననీరు నిలిచే చోటు పూడిస్తే ఆ నీరు ఇళ్లలోకే వస్తుంది. కానీ ఊరి నడుమా వద్దంటే ఇళ్లు ఆగవు, ఇంకా అవతలికి పోతాయి. వాటి వెంట రోడ్లు, పైపులు, కార్లు. కాబట్టి నా ఓటు ఎత్తుకే. న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ నగరం 2016లో చాలా ప్రాంతాల్లో ఎక్కువ ఇళ్లకు అనుమతిచ్చింది. ఆ తర్వాత పర్మిట్లు బాగా పెరిగాయి.

ఇక కట్టే తీరు. మనుషుల వల్ల వెలువడే కార్బన్ డయాక్సైడ్‌లో సుమారు 8 శాతం సిమెంటుదే. సున్నపురాయిని కాల్చితే ఆ రాయిలోంచే వాయువు వస్తుంది. బట్టీని సోలార్ కరెంటుతో నడిపినా అది ఆగదు. అంచేత కాంక్రీటు తక్కువ పోయాలి. డ్రాయింగ్ చేతికొస్తే నేను ముందు చూసేది సెల్లార్. రెండు సెల్లార్లంటే చుట్టూ మట్టి కూలకుండా ఆపే రిటైనింగ్ వాల్, అడుగున రాఫ్ట్ అనే మందపాటి కాంక్రీటు పలక, పని నడిచినన్నాళ్లూ నీళ్లు తోడే మోటార్లు. ఇంతా చేసి అక్కడ మనిషి ఉండడు, కార్లుంటాయి! ఫ్లాటుకి ఇన్ని కార్లకు చోటుండాలన్న నిబంధన తీసేస్తే చాలాచోట్ల ఆ తవ్వకమే తప్పుతుంది. తర్వాత పిల్లర్ల దూరం. హాల్లో పిల్లర్ కనపడొద్దని ఎనిమిది మీటర్లు అడుగుతారు. ఐదారుకి ఒప్పుకుంటే స్లాబు పలచనవుతుంది. ఇవేవీ బ్రోచర్లో కనపడవు కాబట్టి ఎవరూ అడగరు. బాల్కనీలో నాలుగు కుండీలు పెట్టేసి గ్రీన్ బిల్డింగ్ అనేస్తారు.

జవాబు 2:
సార్, ఎత్తు పెంచడమంటే పాతవి కూల్చి, ఉన్నవాళ్లను ఖాళీ చేయించడమేగా? కొత్త ఫ్లాట్ల అద్దె వాళ్లు కట్టగలరా?

జవాబు 1 రాసినవారు:
అద్దె సంగతి ఇంజనీరు తేల్చేది కాదండీ, సర్కారు తేల్చాలి. ఆస్ట్రియా రాజధాని వియన్నాలో దాదాపు సగం మంది నగరపాలక సంస్థ ఇళ్లలోనో, సబ్సిడీ ఇళ్లలోనో ఉంటున్నారు. మార్కెట్టుకే వదిలేస్తే మీరన్నదే జరుగుతుంది.

కూల్చడం మాత్రం ప్రతిసారీ అక్కర్లేదు. ఫ్రాన్స్‌లోని బోర్డో నగరంలో లకాటన్, వస్సాల్ అనే ఆర్కిటెక్టుల బృందం 530 పాత ఫ్లాట్లను జనం అందులో ఉండగానే బాగుచేసింది, ముందు వైపు కొత్త గదుల వరుస తగిలించి మరీ. అక్కడ ఇళ్ల సంఖ్య పెద్దగా పెరగలేదు, నిజమే. కానీ పాత కాంక్రీటు చెత్త కాలేదు, ఎవరూ వీధిన పడలేదు. సంఖ్య పెరగాలంటే పాత భవనం మీద స్టీలుతోనో కలపతోనో తేలికైన అంతస్తు వేయొచ్చు. దానికి ముందు పిల్లర్లలోంచి కోర్లు, అంటే డ్రిల్లుతో చిన్న కాంక్రీటు ముక్కలు, తీసి బలం చూడాలి, పునాది దగ్గర తవ్వి కొలతలు తీయాలి. పాత డ్రాయింగులు దొరికితే సగం పని అయినట్టే. మీ వీధిలో ఐదంతస్తులకు అడ్డుపడ్డవాళ్లు ఇలాంటి ఒక్క అంతస్తుకి ఒప్పుకుంటారేమో అడిగి చూడండి.