నాన్నగారి కంప్యూటర్‌లో లినక్స్ వేయాలి, అను ఫైళ్ల సంగతి ఏమిటి?

తెనాలి_అబ్బాయి

అందరికీ నమస్కారం. నేను పుణేలో ఉద్యోగం చేస్తున్నాను. తెనాలిలో మా ఇంట్లో ఉన్న డెస్క్‌టాప్ 2014లో కొన్నది. 4 జీబీ ర్యామ్, అప్పటి హార్డ్ డిస్కే. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు గడువు 2025 అక్టోబరు 14తో తీరిపోయింది. విండోస్ 11 వేద్దామంటే ఇందులో టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ లేదు.

నాన్నగారు రిటైరైన తెలుగు పండితులు. పదిహేనేళ్లుగా "అను" అనే పాతకాలపు తెలుగు ఫాంట్లతో, "యాపిల్" అనే తెలుగు కీబోర్డు పద్ధతిలో టైప్ చేస్తున్నారు. శతక పద్యాలకు వ్యాఖ్యానాలు, మూడు వందల పైచిలుకు ఫైళ్లు ఉన్నాయి. అమ్మకు యూట్యూబు, అక్కతో వీడియో కాల్ ఉంటే చాలు. సంక్రాంతికి నాలుగు రోజులు ఇంటికి వెళ్తున్నాను. ఆ లోపల విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఉచిత వ్యవస్థ వేసి రాగలనా? "ఈ వయసులో నా వేళ్లకు మళ్లీ అక్షరాభ్యాసం చేయించకురా" అని నాన్నగారు ఫోనులోనే చెప్పేశారు.

లెక్కల_టీచర్

నాలుగు రోజులు చాలు. కానీ మొదటి రోజు ఏమీ ముట్టుకోకండి. నాన్నగారి పక్కన కుర్చీ వేసుకుని, ఆయన తెరమీద ఏ బొమ్మ నొక్కుతున్నారో, ఫైలు ఎక్కడ దాస్తున్నారో కాగితం మీద రాసుకోండి. మింట్ వేశాక ఆ బొమ్మలు ఆ చోటుల్లోనే ఉండాలి.

ఇది నేను చీవాట్లు తిని నేర్చుకున్నాను. మా అత్తగారి ల్యాప్‌టాప్‌లో మింట్ వేసి, ఎంతో మురిసిపోతూ మెనూలన్నీ తెలుగులో పెట్టాను. మర్నాడు పొద్దున్నే పిలుపు. "ఫైల్ ఎక్కడికి పోయిందే?" "దస్త్రం అంటే అదే అత్తయ్యా." "దస్త్రాలు తాలూకా కచేరీలో ఉంటాయి. నా ఊరగాయల కొలతలకు దస్త్రమేమిటి?" ఆ సాయంత్రానికి మెనూలు ఇంగ్లీషులోకి వెళ్లిపోయాయి. ఆవిడ రాసుకునేది మాత్రం తెలుగులోనే.

పాత డిస్కును చెరపవద్దు. 240 జీబీ ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్కు) ఒకటి కొని, దాని మీద మింట్ 22లో తేలికైన రకం ఎక్స్‌ఎఫ్‌సీఈ వేయండి. దానికి 2 జీబీ ర్యామ్ కనీసం, 4 ఉంటే మేలు అంటారు, కాబట్టి మీకు సరిపోతుంది. అప్‌డేట్లు 2029 దాకా వస్తాయి. పాత డిస్కు ఊడదీసి బీరువాలో పెట్టండి.

ఇక కీబోర్డు. ఇతర భాషల్లో టైప్ చేయించే ఐబస్‌తో పాటు ఎం17ఎన్ అనే ప్యాకేజీ వేస్తే తెలుగుకు ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, పోతన, సరళతో పాటు యాపిల్ అమరిక కూడా కనిపిస్తుంది. పేరు ఒకటే అయినా ఒకటి రెండు మీటలు నాన్నగారి అలవాటుకు తేడాగా ఉండవచ్చు. ఆయన చేత ఒక సీస పద్యం టైప్ చేయించి, వేలు ఆగిన ప్రతిచోటా గుర్తు పెట్టుకోండి. ఆ అమరిక మామూలు టెక్స్ట్ ఫైలే. సొంత ఫైళ్లుండే హోమ్ ఫోల్డరులోకి నకలు తీసుకుని ఆ మీటలు మీరే మార్చుకోవచ్చు. నేను లినక్స్ వైపు వచ్చింది ఉచితమని కాదు, ఇలా విప్పి సరిచేసుకోవచ్చని.

ఏదైనా చెడితే సిస్టమ్‌ను పాత స్థితికి తిప్పే టైమ్‌షిఫ్ట్ తప్పక పెట్టండి. అయితే అది సిస్టమ్‌నే కాపాడుతుంది, మామూలుగా హోమ్ ఫోల్డరు జోలికి పోదు. పద్యాల నకలు వేరే డిస్కులో ఉండాలి. దూరం నుంచి చూసుకోవడానికి రస్ట్‌డెస్క్ వేసుకోండి. "మీ కంప్యూటర్‌లో వైరస్ ఉంది" అంటూ ఎవరు ఫోను చేసినా పెట్టేయమని అమ్మగారికి ఒకటికి రెండుసార్లు చెప్పండి.

పాత_కంపోజిటర్

టీచర్ గారూ, డిస్కు బీరువాలో పెట్టడం దగ్గర మీతో విభేదిస్తాను. నేను విజయవాడలో ఇరవై రెండేళ్లు ప్రెస్సుల్లో కంపోజింగ్ చేశాను. అను ఫైల్లో మనం అనుకునే తెలుగు ఉండదు. ఇంగ్లీషు అక్షరాల సంకేతాల మీద తలకట్టు ఒకటి, గుడి ఒకటి, ఒత్తు ఒకటి ముక్కలుగా అతికించి ఉంటాయి. ఫాంటు తీసేస్తే తెరమీద గజిబిజి మిగులుతుంది. ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగుగానే ఉండే యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, పని చేస్తాయి కూడా. కానీ సంయుక్తాక్షరాల దగ్గర కొన్ని తప్పులు దొర్లుతాయి. వచనంలో అవి కంటికి ఆనుతాయి. పద్యంలో ఒక ఒత్తు జారితే గణం పోతుంది, దాన్ని నాన్నగారే పట్టుకోవాలి.

అందుకని పాత విండోస్ నడుస్తుండగానే ఫైళ్లన్నీ పీడీఎఫ్ చేసి ఉంచండి. మార్చిన ప్రతిని దిద్దడానికి అదే మూలప్రతి. పాత డిస్కు ఆ కంప్యూటర్ పెట్టెలోనే, కేబుల్ పీకి ఉండనివ్వండి. అవసరమైనప్పుడు ఇంటర్నెట్ తీసేసి దాన్ని తగిలించుకోవచ్చు. పుస్తకం అచ్చుకు వెళ్లే రోజున ప్రెస్సువాళ్లు అనులోనే ఇమ్మని అడిగినా అడుగుతారు.

ఫాంట్లకు కొదవ లేదు. దేశికాచార్యులు గారి పోతన, వేమన మింట్ సాఫ్ట్‌వేర్ భాండాగారంలోనే దొరుకుతాయి. సిలికానాంధ్ర సంస్థ విడుదల చేసిన వాటిలో మండలి, గిడుగు, సూరన్న ఉన్నాయి. వ్యాఖ్యానానికి మండలి బాగుంటుంది. పద్యానికి మాత్రం నా ఓటు పోతనకే.

తెనాలి_అబ్బాయి

పండగ నుంచి వచ్చాను. ఇద్దరికీ ధన్యవాదాలు. భోగి రోజున కూర్చుని చూశాను. నాన్నగారు వాడేవి మొత్తం నాలుగు బొమ్మలు, మిగతా ఇరవై ఏడూ నేను ఎప్పుడో వేసిన చెత్త. సీస పద్యంలో ఆయన మూడుచోట్ల ఆగారు. ఆ మూడు మీటలూ మార్చాక పోతన భాగవతంలోంచి ఇంకో పద్యం ఆపకుండా కొట్టి, "సరే, నీ మాట దక్కింది" అన్నారు. పాత డిస్కు పెట్టెలోనే ఉంది. మూడు వందల ఫైళ్లూ పీడీఎఫ్ అయ్యాయి, యూనికోడ్‌లోకి మాత్రం నలభై ఒకటే మార్చగలిగాం. అమ్మకు మార్పు జరిగిన సంగతే తెలియదు. "ఆ గరగర చప్పుడు పోయింది, బాగు చేయించావా?" అని అడిగింది.

ఒక్క సందేహం. అరసున్న ఎక్కడుంది? ఇన్నాళ్లూ అనులో దాన్ని వెతికే ఓపిక లేక వదిలేశారట. ఇప్పుడు కావాలంటున్నారు.

లెక్కల_టీచర్

ఇన్‌స్క్రిప్టులో షిఫ్ట్ పట్టుకుని ఎక్స్ నొక్కితే ఁ వస్తుంది. షిఫ్ట్, జె కలిపితే బండి ఱ. యాపిల్‌లో ఎక్కడుందో వెతకడం కన్నా, మీరు మార్చిన ఆ ఫైల్లోనే ఆయన ఎప్పుడూ వాడని మీట ఒకటి చూసి దానికి అప్పగించండి.

తెనాలి_అబ్బాయి

రస్ట్‌డెస్క్‌లో ఇప్పుడే పెట్టాను. "మీట సరే, మరి ఆ మూడు వందల ఫైళ్లలో అరసున్నలు ఎవరు పెడతారు, నువ్వా?" అంటున్నారు.