కొండదారుల గ్రూప్ రైడ్లకు రోడ్ బైక్: ఈ రెండింట్లో ఏది?

పెన్నా ఒడ్డు (నెల్లూరు)
అందరికీ నమస్కారం. మూడేళ్లుగా హైబ్రిడ్ సైకిల్ తొక్కుతున్నా. ఆదివారాలు ఎనిమిది మందిమి పొదలకూరు మీదుగా రాపూరు వైపు వెళ్తుంటాం. ఈ చలికాలంలో రాపూరు–చిట్వేలు ఘాట్, ఆ తర్వాత దోర్నాల నుంచి శ్రీశైలం అనుకుంటున్నాం. చదును రోడ్డు మీద అందరితో పాటే ఉంటా. ఎక్కుడు మొదలైతే చాలు, వెనకబడిపోతా. పైన నాకోసం ఎండలో నిలబడి ఉంటారు, వాళ్లను చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

లక్షా పాతిక వేల దాకా పెట్టగలను. రెండు బైకులు చూశా. ఒకటి 8.9 కిలోలు, ముందు గేరు చక్రాలకు 52/36 పళ్లు, వెనక వాటికి 11 నుంచి 28 పళ్లు (11-28), 25 మిల్లీమీటర్ల టైర్లు, చక్రం అంచును పట్టే రిమ్ బ్రేకులు. రెండోది 10.4 కిలోలు, 50/34, 11-34, 32 టైర్లు, చక్రం మధ్యలోని పళ్లేన్ని పట్టే డిస్క్ బ్రేకులు. కొండకు తేలిక బండే కావాలని అందరూ మొదటిదే తీసుకోమంటున్నారు. నా బరువు 72 కిలోలు. కొండలు తొక్కినవాళ్లు చెప్పండి.

మార్కాపురం పలక
రెండోది తీసుకోండి అన్నా. మీరు చెప్పిన మొదటి బండి లాంటిదే, అవే గేర్లతో, నేను కొని దోర్నాల నుంచి శ్రీశైలం వెళ్లాను. అది ఒక్కసారి ఎక్కేసి ఊపిరి పీల్చుకునే దారి కాదు. ఎక్కాలి, దిగాలి, మళ్లీ ఎక్కాలి. తుమ్మలబైలు దాటాక ఒక వంపులో చైన్ అప్పటికే వెనక అన్నిటికంటే పెద్ద పళ్ల చక్రం మీద, అంటే అన్నిటికంటే తేలిక గేర్లో ఉంది. అది తెలిసి కూడా వేలు లివర్‌ను ఇంకోసారి నొక్కింది. టక్ మనలేదు, ఇక గేరు లేదు. ఆ తర్వాత ప్రతి తొక్కుడూ లేచి నిలబడే. శిఖరం చేరేసరికి కుడి మోకాలి చిప్ప కింద సూదులు గుచ్చినట్టు నొప్పి. మూడు వారాలు సైకిల్ ముట్టుకోలేదు.

ఇంకో మాట. ఆ దారిలో రాత్రిపూట చెక్‌పోస్టు దగ్గర బండ్లు ఆపేస్తారు, అది పులుల అభయారణ్యం. సైకిళ్ల సంగతి అటవీశాఖ వాళ్లను ముందే అడిగి బయల్దేరండి.

ఒంగోలు లెక్కలు
నేను అంకెల్లో చెప్తాను. మీరు, బండి, నీళ్లు కలిపి 84 కిలోలు అనుకుందాం. 34 ముందు, 34 వెనక అంటే పెడల్ ఒక చుట్టు, చక్రం ఒక చుట్టు, దాదాపు 2.1 మీటర్లు. నిమిషానికి 70 సార్లు తొక్కితే గంటకు 9 కిలోమీటర్ల లోపు వేగం. 8 శాతం ఎక్కుడులో, అంటే వంద మీటర్లకు 8 మీటర్లు లేచే దారిలో, దానికి 170, 180 వాట్లు సరిపోతాయి. 36 ముందు, 28 వెనక అయితే అవే 70 తొక్కుళ్లకు పదకొండున్నర కిలోమీటర్ల వేగంతో పోవాలి, అంటే 230 వాట్లకు పైగా. మనలాంటి వాళ్లు అంత శక్తి గంటసేపు పెట్టలేరు. పెట్టలేనప్పుడు తొక్కుళ్లు 50కి పడిపోతాయి, భారమంతా మోకాళ్ల మీదికి వస్తుంది.

ఇక బరువు. కిలోన్నర తేడా 84లో రెండు శాతం కూడా కాదు. గంట ఎక్కుడులో నిమిషం మిగులుతుంది. ఆ నిమిషం కోసం గేర్లు వదులుకోకండి.

పెన్నా ఒడ్డు
కళ్లు తెరిపించారు సార్. మరి 50/34తో హైవే మీద వెనకబడనా? మావాళ్లు కావలి వైపు వెళ్లేటప్పుడు గట్టిగానే లాగుతారు.

ఒంగోలు లెక్కలు
50 ముందు, 11 వెనక వేసి నిమిషానికి 90 తొక్కితే గంటకు 50 దాటుతారు. మీ గుంపు అంత వేగంగా పోతే నాకూ చెప్పండి, చూడ్డానికి వస్తా.

సింహపురి సైకిల్ (నెల్లూరు)
అన్నయ్యా, గేర్ల కంటే ముందు సైజు చూసుకోండి. నా ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు. చిన్న ఫ్రేము తెప్పించడానికి నెల పడుతుందని చెప్పి, ఉన్న మీడియం అంటగట్టారు. సీటు ముందుకు జరిపితే సరిపోతుందన్నారు. 60 కిలోమీటర్లు దాటగానే చిటికెన వేలు, ఉంగరం వేలు మొద్దుబారేవి. ఇంటికొచ్చి అన్నం కలుపుకోవడం కూడా కష్టమయ్యేది. చివరికి పొట్టి స్టెమ్ (హ్యాండిల్‌ను ఫ్రేముకు కలిపే ముక్క) వేయించి కొంత సర్దుకున్నా, తర్వాత ఆ బండే అమ్మేశా. ఇప్పుడున్నది నా సైజుది, హ్యాండిల్ కొంచెం ఎత్తులో ఉంటుంది. బ్రోషర్లలో ఎండ్యూరెన్స్ అని రాస్తారే, అదే. ఎక్కుడులో హ్యాండిల్ పైభాగం పట్టుకుని ఛాతీ తెరిచి కూర్చుంటే ఊపిరి బాగా ఆడుతుంది. కొనే ముందు కనీసం అరగంట తొక్కనివ్వమని అడగండి. కుదరదంటే వేరే షాపు చూసుకోండి.

గిద్దలూరు ఘాట్
అందరూ ఎక్కుడు గురించే మాట్లాడుతున్నారు, నేను దిగుడు గురించి చెప్తా. నంద్యాల ఘాట్‌లో నల్లమల వంపులు మాకు అలవాటే. వాన పడితే రిమ్ బ్రేక్ ముందు రిమ్ మీది నీళ్లు తుడవాలి, ఆ తర్వాతే పట్టుకుంటుంది. ఆ ఒక్క క్షణం ఎంత పొడవో ఎదురుగా లారీ వస్తున్నప్పుడు తెలుస్తుంది. వంపు తిరగ్గానే రోడ్డు మధ్యలో కోతులు కూర్చుని ఉంటాయి, అంచున ఇసుక ఉంటుంది. డిస్క్‌కు ఒక్క వేలు చాలు, చెయ్యి అలిసిపోదు. 32 టైర్లలో మీ బరువుకు గాలి 60 పీఎస్ఐ చుట్టుపక్కల పెట్టి చూడండి, కంకర చిప్స్ రోడ్డు మీద ఒళ్లు హూనం కాదు.

కావలి వర్క్‌షాప్
నేను సైకిళ్లు బాగుచేస్తాను. నా సలహా పార్టుల గురించి. వెనక 9, 10 గేర్లుండే (9, 10 స్పీడ్) బండ్ల చైన్లు, క్యాసెట్లు (వెనక పళ్ల చక్రాల సెట్లు) తేలిగ్గా దొరుకుతాయి, ఖర్చూ తక్కువ. షిమానో వాళ్ల సోరా, టియాగ్రా గేర్ సెట్లు ఉన్న బండికి భయం లేదు. 28 క్యాసెట్ తీసి 34 వేస్తే పోలా అని కొందరు అడుగుతారు. చాలా బండ్లకు వెనక డెరైలర్ (చైన్‌ను ఒక గేరు నుంచి ఇంకో గేరుకు జరిపేది) కూడా కింది చట్రం పొడవుగా ఉండేది, అంటే పొడవు కేజ్‌ది వేయాలి, చైన్ కూడా పెంచాలి. ఆ డబ్బేదో ముందే సరైన బండికి పెట్టండి. మనది సముద్రపు గాలి, బోల్టులకు తుప్పు త్వరగా పడుతుంది. రైడ్ నుంచి రాగానే తడిగుడ్డతో తుడిచి చైన్‌కు నూనె వేయండి.

అన్నిటికంటే ముఖ్యం హ్యాంగర్. డెరైలర్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే చిన్న ముక్క. సైకిల్ కుడివైపు పడితే ఫ్రేము విరగకుండా అది వంగుతుంది. నా దగ్గరికి ఒకతను ఆటోలో బండి వేసుకొచ్చాడు. రైల్లో వంగిన హ్యాంగర్‌ను చూసుకోకుండా ఘాట్‌లో వెనక పెద్ద పళ్ల చక్రానికి గేరు మార్చాడు. డెరైలర్ పోయి స్పోకుల్లో ఇరుక్కుంది. నాలుగు స్పోకులు తెగాయి, డెరైలర్ రెండు ముక్కలైంది. హ్యాంగర్ ప్రతి మోడల్‌కూ వేరు, వేరే బండిది పట్టదు. కొన్నరోజే స్పేర్ ఒకటి తీసుకుని సీటు కింద సంచిలో పెట్టుకోండి.

పెన్నా ఒడ్డు
రెండు బైకులూ నిన్న తొక్కి చూశా. మొదటిది చదునులో హాయిగా ఉంది, నిజమే. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు కావాలనే పెద్ద బ్యాగులో నీళ్ల సీసాలు వేసుకుని ఎక్కా. 36, 28 మీద సగంలోనే లేచి నిలబడ్డా. రెండోదాని మీద కూర్చునే పైకి చేరా, ఇంకా రెండు గేర్లు మిగిలాయి. మీడియం, లార్జ్ రెండూ చూశా, మీడియం కుదిరింది. అడ్వాన్స్ కట్టేశా. హ్యాంగర్ స్పేర్ వారంలో తెప్పిస్తామన్నారు, అది వచ్చాకే బండి తీసుకుంటానని చెప్పా.

మార్కాపురం పలక
మంచి పని చేశారన్నా. శ్రీశైలం తేదీ ఖాయం చేసుకోగానే చెప్పండి. దోర్నాలలో కలుస్తా, మోకాలు ఇప్పుడు బాగానే ఉంది. నేనూ 11-34 వేయించుకున్నా.