సొంత సర్వర్ నుంచి తెరిస్తే బ్రేక్‌పాయింట్ పడటం లేదు

ఇందుకూరుపేట రొయ్య:
చెరువుల్లో కరిగిన ఆక్సిజన్ ఎంత ఉందో చూపే వెబ్ పేజీ తయారుచేస్తున్నాను. సర్వర్ గో భాషలో సొంతంగా రాసుకున్నదే, 8080 పోర్టులో నడుస్తుంది. పేజీని వీట్ (Vite, పేజీ తయారీలో వాడే డెవలప్‌మెంట్ సర్వర్) నుంచి 5173 పోర్టులో తెరిస్తే వీఎస్ కోడ్ ఎడిటర్‌లో పెట్టిన బ్రేక్‌పాయింట్ల (కోడ్‌ను మధ్యలో ఆపి చూసే గుర్తుల) దగ్గర చక్కగా ఆగుతోంది గానీ లాగిన్ నిలవడం లేదు. బిల్డ్ చేసి నా సర్వర్ నుంచి తెరిస్తే లాగిన్ బాగుంది, ఆ గుర్తుల ఎర్ర చుక్కలన్నీ బూడిదరంగు వలయాలైపోతున్నాయి. రెండూ ఒకచోట కుదిరే దారి చెప్పండి.

మైపాడు అల:
అనుమానం ఉన్నచోట విలువలను బ్రౌజర్ కన్సోల్‌లో అచ్చు వేసి చూడండి. నేను ఇన్నేళ్లుగా జీతం తిన్నది ఆ ఒక్క విద్య మీదే.

చీమకుర్తి నల్లరాయి:
ఆ విద్య వల్లే ఖాతాదారుల పాస్‌వర్డులు కన్సోల్‌లో బారులు తీరడం నేను చూశాను. తమ్ముడూ, వలయం బూడిదరంగులో ఉందంటే బ్రౌజర్‌లో నడుస్తున్న కోడ్‌కూ నీ ఫైలుకూ పొంతన దొరకలేదని అర్థం. ఆ పొంతన చెప్పే సోర్స్‌మ్యాప్ ఫైలు వీట్ బిల్డ్‌లో అడిగితే తప్ప రాదు. సెట్టింగుల్లో ట్రూ అని పెట్టు. వీఎస్ కోడ్ డీబగ్ సెట్టింగులుండే లాంచ్ ఫైలులో చిరునామా 8080కి మార్చు, వెబ్‌రూట్‌ను (మూల కోడ్ ఎక్కడుందో చెప్పే వరుసను) పేజీ కోడ్ ఉన్న క్లయింట్ ఫోల్డరుకు చూపించు. అందరూ తప్పేది ఈ చివరి దగ్గరే. అందులోనే కాంపౌండ్ (రెండు డీబగ్ సెట్టింగులను కలిపేది) పెట్టుకుంటే గో సర్వర్, బ్రౌజర్ ఒకే మీటతో డీబగ్‌లోకి వస్తాయి.

పొదలకూరు నిమ్మ:
లాగిన్ సంగతి ఎవరూ ముట్టుకోలేదేమిటి? సర్వర్‌లో కోర్స్ (CORS, వేరే చిరునామా పేజీలకు అనుమతి చెప్పేది) హెడరుకు నక్షత్రం గుర్తు పెట్టండి, అందరికీ అనుమతి. నాకు పనిచేసింది.

ఒంగోలు గిత్త:
మీకు పనిచేసింది లాగిన్ లేని పేజీలో అయ్యుంటుంది. లాగిన్‌ను గుర్తుంచే కుకీలు జతచేసి పంపిన అభ్యర్థనకు నక్షత్రంతో జవాబిస్తే బ్రౌజర్ ఆ జవాబును పేజీకి ఇవ్వదు. ఆరిజిన్ (పేజీ వచ్చిన చిరునామా, పోర్టుతో సహా) పేరు పూర్తిగా రాయాలి, కుకీలను అనుమతించే క్రెడెన్షియల్స్ హెడరూ ఉండాలి. అసలు ఆ గొడవంతా ఎందుకు? వీట్‌లో ప్రాక్సీ పెట్టి డేటా అభ్యర్థనలను 8080కి మళ్లించండి. బ్రౌజర్‌కు 5173 ఒక్కటే కనిపిస్తుంది.

పొదలకూరు నిమ్మ:
ప్రాక్సీ అన్నది మీ కంప్యూటర్‌లో మాత్రమే ఉండే మాయ. రేపు అసలు సర్వర్ మీదికి వెళ్లాక ఎవరు మళ్లిస్తారు, మీరు వస్తారా?

ఒంగోలు గిత్త:
ఆయన మొదటి పోస్టు చదివారా? అక్కడ పేజీని ఇచ్చేదీ డేటాను ఇచ్చేదీ ఒకే సర్వర్. మళ్లించాల్సిన పని ఏముంది? నేను ఇలాంటివి బోలెడు ఎక్కించాను.

పొదలకూరు నిమ్మ:
ఎక్కించిన వారు అంత కోపంగా మాట్లాడరు లెండి.

మైపాడు అల:
కుకీకి పోర్టుతో పని లేదు, పేరు మారితేనే చిక్కు. ఒకచోట లోకల్‌హోస్ట్, మరోచోట 127.0.0.1 అని రాశారేమో చూడండి. రెండూ మీ కంప్యూటరే అయినా, బ్రౌజర్ దృష్టిలో అవి ఇద్దరు వేర్వేరు మనుషులు. ఇది కూడా కన్సోల్ చూసే కనిపెట్టాను, నల్లరాయి గారూ.

ఇందుకూరుపేట రొయ్య:
సోర్స్‌మ్యాప్, వెబ్‌రూట్ పెట్టాక చుక్కలు ఎర్రబడ్డాయి, నల్లరాయి అన్నకు దండం. ప్రాక్సీ మాత్రం కనెక్షన్ తిరస్కరించారని అంటోంది. సర్వర్ నడుస్తూనే ఉంది.

ఒంగోలు గిత్త:
సర్వర్ 127.0.0.1 మీద మాత్రమే వింటోందా? వీట్‌ను నడిపే నోడ్‌లో, 2021లో వచ్చిన 17వ వెర్షన్ నుంచి లోకల్‌హోస్ట్ అంటే ముందుగా ఐపీవీ6 (కొత్త రకం ఐపీ) చిరునామాకు వెళ్లవచ్చు. అక్కడ మీ సర్వర్ లేదు. ప్రాక్సీలో అంకెల చిరునామాయే రాయండి. నిమ్మగారు దీనికీ నక్షత్రం పెట్టమంటారేమో.

ఇందుకూరుపేట రొయ్య:
కలిసింది, లాగిన్ కూడా నిలిచింది! ఇంకో చిక్కు: బ్రేక్‌పాయింట్ దగ్గర కాసేపు ఆగితే వెబ్‌సాకెట్ (సర్వర్‌తో తెరిచే ఉండే కనెక్షన్) తెగిపోతోంది.

చీమకుర్తి నల్లరాయి:
గుండెచప్పుడు సందేశాన్ని జావాస్క్రిప్టుతో పంపుతున్నావా? ఆగిన కోడ్ సందేశం పంపలేదు, సర్వర్ నువ్వు పోయావనుకుని తలుపు మూసేస్తుంది. ప్రోటోకాల్‌లోనే ఉన్న పింగ్‌ను సర్వర్ నుంచి వాడు. దానికి పాంగ్ అనే జవాబు బ్రౌజరే పంపుతుంది, నీ కోడ్‌తో సంబంధం లేదు. అప్పటిదాకా లాగ్‌పాయింట్ పెట్టుకో. ఆగకుండా విలువ చూపిస్తుంది. మైపాడు వారికీ నచ్చుతుంది.

అల్లూరు చెరువు గట్టు:
నాకు ఈ పోర్టులు తెలియవు, సాగు తెలుసు. పేజీలో పగటి లెక్క చూపిస్తే ఉపయోగం లేదు. ఎండలో నాచు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రంతా నాచూ రొయ్యలూ కలిసి పీలుస్తాయి. తెల్లవారుజామున లీటరుకు 4 మిల్లీగ్రాముల కంటే దిగితే ఫోను మోగాలి. కరెంటు పోయి నీటిలో గాలి కలిపే ఏరేటర్లు ఆగినా మోగాలి.

పొదలకూరు నిమ్మ:
ఈ థ్రెడ్‌లో పనికొచ్చే మాట ఇదొక్కటే.

కనిగిరి కొండ:
ఫోను అంటే గుర్తొచ్చింది. నా పేజీని ఫోనులో ఐపీ చిరునామాతో తెరిస్తే సర్వీస్ వర్కర్ (పేజీ వెనుక నడిచే స్క్రిప్టు) లేవడం లేదు. ఎందుకు?

ఒంగోలు గిత్త:
దానికి హెచ్‌టీటీపీఎస్ గానీ లోకల్‌హోస్ట్ గానీ కావాలి. కేబుల్ పెట్టి ఏడీబీ (ఆండ్రాయిడ్ ఫోనును కంప్యూటర్‌తో కలిపే పనిముట్టు) రివర్స్‌తో 8080 పోర్టు కలపండి. ఫోనులోనే లోకల్‌హోస్ట్ అని తెరవవచ్చు, కంప్యూటర్ క్రోమ్‌లో ఇన్‌స్పెక్ట్ చేయవచ్చు.

కనిగిరి కొండ:
నాది ఐఫోను.

ఒంగోలు గిత్త:
అయితే ఏడీబీ లేదు. ఇన్‌స్పెక్ట్ చేయడానికి మ్యాక్, సఫారీ కావాలి. సర్వీస్ వర్కర్ లేవాలంటే ఫోను నమ్మే సర్టిఫికెట్‌తో హెచ్‌టీటీపీఎస్ పెట్టుకోండి.

పొదలకూరు నిమ్మ:
మ్యాక్ ధర కూడా మీరే చెప్పండి.